సోలెడు ధాన్యం టికెట్టు

ఆడవాళ్లకు టికెట్టు ఉచితమని మా చెడుగుడు క్లబ్బు కార్యదర్శి అనగానే నాకు ఒళ్లు మండింది. ఉచితమంటే సంతోషించాలి గాని మండడమేమిటని మీరనవచ్చు. అతను ఆ మాట అన్న తీరు అలాంటిది. కుర్చీ రూపాయి, బెంచి అర్ధరూపాయి, నేల పావలా అని ఒక్కో ధర గురించీ మగపిల్లలు మధ్యాహ్నమంతా కూర్చుని వాదించుకున్నారు. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి, "ఎవులొస్తారు గనక? వచ్చినోళ్లని ఊరికే వదిలెయ్యండి" అని ఊపిరి తిప్పుకునేలోపు తేల్చేశాడు. ఆ తేల్చేయడం చూసి మండింది నాకు.

నేనప్పుడు పి.యు.సి. చదువుతున్నాను. అరవైల దశకం చివరికొస్తున్న రోజులు. మాది నరసన్నపేటకు దగ్గర్లో వరి పండించే ఊరు. మా అన్నయ్య అదే కాలేజీలో బి.ఏ., చెడుగుడు జట్టుకు కెప్టెను. కాలేజీకి క్రికెట్టన్నా హాకీ అన్నా ముద్దు. వాటికి బంతులూ బ్యాట్లూ డబ్బిచ్చి కొనేవారు. చెడుగుడు మాత్రం మోటాట అనీ, నూర్పులయ్యాక కళ్లాల్లో పాలేర్లు ఆడుకునేదనీ మా ప్రిన్సిపాల్ గారి అభిప్రాయం. అందుకని మావాళ్లు తమంతట తాము క్లబ్బు పెట్టుకున్నారు. అలాంటి క్లబ్బులు చుట్టుపక్కల కాలేజీల్లో మరికొన్ని ఉండేవి. అవన్నీ కలిసి పోటీలు పెట్టుకుంటే ఆ ఏడు ఆఖరి ఆట మాకూ విజయనగరం వైపు జట్టుకూ మిగిలింది. దాన్ని మా దగ్గరే జరపాలని ఒప్పందం.

ఆ ఆటకీ నాకూ ఉన్న లంకె ఇది. ఆ ఏడు మా పొలం సరిగా పండలేదు. ఇద్దరి ఫీజులూ కట్టడం నాన్న వల్ల కాలేదు. ఇద్దరిలో ఒకరు మానాలంటే ఎవరు మానతారో వేరే చెప్పాలా? ముందుగా ఆ మాట ఎత్తింది అమ్మే.

"సంతకం ఎట్టుకుంటాది, ఉత్తరం రాస్తాది. ఆడపిల్లకి ఇంకేటి కావాల? ఇంటికాడ నాకు సెయ్యి సాయం లేక సచ్చిపోతన్నాను" అంది.

నాన్న తుండుగుడ్డ భుజానేసుకుని పొలానికి వెళ్లిపోయాడు. నేను మాత్రం రెండు రోజులు అన్నం ముట్టలేదు. కోపం వస్తే అన్నం మీద చూపించడం నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బే.

అదిగో, అప్పుడే ప్రిన్సిపాల్ గారు అన్నయ్యని పిలిచి ఒక మాట చెప్పారు. "ఆఖరి ఆట టికెట్ల మీదే నడవాలి. కాలేజీ మీద పైసా పడకూడదు. గొడవ జరగకూడదు. అలా జరిపించి చూపించు, మీ క్లబ్బుని కాలేజీ క్లబ్బుగా ఒప్పుకుంటాను, నీకు ఫీజు మాఫీ చేయిస్తాను. నష్టమొచ్చినా, పోలీసుల దగ్గర్నుంచి మాటొచ్చినా క్లబ్బూ లేదు, మాఫీ లేదు." గెలవమని ఆయన అడగలేదు. అన్నయ్యకు మాఫీ అయితే నాన్న నా ఫీజు కట్టగలడు. కాకపోతే నేను ఇంటిపట్టున ఉండి పేడ ఎత్తాలి. అన్నయ్యకీ తెలుసు, నాకూ తెలుసు. అందుకే టికెట్ల గురించి మాట్లాడుకునే చోటికి, ఎవరూ పిలవకపోయినా, వెళ్లి గోడవారన నిలబడ్డాను.

"ఆడవాళ్లకి కూడా ఏదో ఒక ధర పెట్టండి" అన్నాను.

కార్యదర్శిది పాతపట్నం. వాళ్లది దుకాణం నడిపే ఇల్లు. ధరల సంగతి తనకొక్కడికే తెలుసన్న ధీమా అతనికి. నన్ను చూసి నవ్వాడు. "ధర ఎడితే ఒక్కరూ రారు సెల్లీ."

"ఊరికే అంటేనే రారు. మా ఊళ్ల ఆడోళ్లు పురిటికెళ్లినా పెళ్లికెళ్లినా ఒట్టి చేతుల్తో గుమ్మం తొక్కరు. ఒడిలో ఏదో ఒకటి పెట్టుకునే వెళ్తారు. ఊరికే సూసి పొండంటే, మేమేటి అడుక్కుతినేవోళ్లమా అనుకుంటారు."

"మరి పావలా ఎవులిస్తారు? పావలా ఆళ్ల సేతిలో ఎక్కడున్నాది?"

అతను అన్నది నిజమే. మా ఇళ్లలో చిల్లర మగవాళ్ల జేబుల్లోనే ఉంటుంది. కార్యదర్శి టికెట్లు అచ్చేయించడానికి వెళ్లిపోయాడు.

ఇక పోలీసుల అనుమతి. ఆ రోజుల్లో మా జిల్లాలో కొండల వైపు అలజడిగా ఉండేది. ఎక్కడ జనం గుమిగూడినా పోలీసులకు నిద్రపట్టేది కాదు. అప్పటి ఎస్సై కృష్ణా వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. మా మాట ఆయనకు సగమే అర్థమయ్యేది, మా మీద నమ్మకం అసలే ఉండేది కాదు. "టికెట్టున్నవాళ్లే లోపల ఉండాలి. టికెట్టు లేని మనిషి ఒక్కరు కనబడినా ఆట ఆపించి అందరినీ బయటికి తోలేస్తాను" అన్నాడట. కార్యదర్శి అలాగేనండీ అని చేతులు కట్టుకుని వచ్చేశాడు. ఉచితంగా వచ్చే ఆడవాళ్లకు టికెట్టే లేదన్న సంగతి అక్కడ అతనికి తోచలేదు. నాకూ తోచలేదనుకోండి.

ఆటరోజు పొద్దున్నే మైదానం చుట్టూ తాటాకు తడికలు కట్టారు. ఒకవైపు మగవాళ్ల గేటు, ఎదురుగా ఆడవాళ్ల గేటు. ఆ గేటు దగ్గర కూర్చోడానికి ఆడపిల్ల కావాలి కదా. కెప్టెను చెల్లెల్నని నన్నే కూర్చోబెడతారని అన్నయ్య నాలుగు రోజుల ముందే ఇంట్లో చెప్పాడు, అలాగే కూర్చోబెట్టారు. ఒక బల్ల, ఒక ముక్కాలిపీట, ఎందుకిచ్చారో గాని ఒక సిరాబుడ్డి. ఎవరూ రాని గేటుకు నేను కాపలా అన్నమాట. ఎదుటి జట్టు సాలూరు లారీ ఒకటి మాట్లాడుకుని దాంట్లో పాటలు పాడుకుంటూ దిగింది. ఆ బాడుగ మా క్లబ్బే ఇచ్చుకోవాలి. వాళ్ల తొడలు చూస్తే నాకు దిగులేసింది. ఒక్కొక్కడూ ఇటు రోకలి, అటు రోకలి పెట్టుకున్నట్టున్నాడు.

మధ్యాహ్నం దాటేసరికి మగవాళ్ల వైపు నేల నిండింది. బెంచీలూ నిండుతున్నాయి. తర్వాత కుర్చీల వైపు చూశాను. అవి కూడా నిండాయి, కాని డబ్బులిచ్చినవాడు ఒక్కడూ లేడు. తాలూకా ఆఫీసు నుంచి వచ్చినవాళ్లు, కాలేజీ కమిటీ పెద్దలు, రైసుమిల్లు షావుకార్లు, వాళ్ల బావమరుదులు, ఆ బావమరుదుల స్నేహితులు. అందరూ నవ్వుతూ నమస్కారాలు పెడుతూ వచ్చి కూర్చుంటున్నారు. వాళ్లని రూపాయి అడిగే ధైర్యం కార్యదర్శికి లేదు. ముందు వరసలో ప్రిన్సిపాల్ గారు, పక్కనే ఎస్సై. లెక్క చూస్తే ఖర్చులన్నీ ఆ రూపాయి కుర్చీల మీదే వేసుకున్నారు మావాళ్లు. పావలాలతో లారీ బాడుగ కూడా తీరదు. ఫీజు మాఫీ నా కళ్లెదుటే కుర్చీ కుర్చీకీ కరిగిపోతోంది.

సరిగ్గా అప్పుడే బళ్లు వచ్చాయి.

మొదట ఒక బండి, దాని వెనక ఇంకొకటి, తర్వాత వరసగా. నిండా ఆడవాళ్లు. మా జట్టులో కుర్రాళ్లు చుట్టూ ఉన్న ఊళ్లవాళ్లే. కోతలూ నూర్పులూ అయిపోయి పనులు లేని రోజులు. మేనత్తలు, పెద్దమ్మలు, అప్పలు, వదినలు, చంకలో పిల్లలు. ఎవరూ రారన్న గేటు ముందు సంతలా తయారైంది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. కార్యదర్శి మైదానం అడ్డంగా పరుగెత్తుకొచ్చాడు. ముఖం పాలిపోయింది.

"ఇంతమందా? సెల్లీ, ఆళ్లని ఎనక్కి పంపించెయ్యి. ఎస్సై ఇటే సూస్తన్నాడు. ఆడోళ్లకి టికెట్లు అచ్చేయలేదు. టికెట్టు లేకుండా లోపలికొస్తే ఆట ఆపేస్తాడు."

"మీ దగ్గరున్న నేల టికెట్లు ఇవ్వండి."

"ఎక్కడున్నాయి? నేలవి ఒక్కటి మిగల్లేదు."

"ఊరికే రమ్మని చాటించింది మీరే. ఇప్పుడు వెనక్కి పంపమంటారా? బళ్లు కట్టుకుని వచ్చినవాళ్లని నేను పొమ్మనను. మీరు చెప్పండి. రండి, ఇక్కడ నిలబడి మీ నోటితో చెప్పండి" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. అతను ఆ గుంపుని చూసి, నన్ను చూసి, తల పట్టుకున్నాడు. వెనక్కి పంపితే అక్కడే రచ్చ. గొడవైందని ప్రిన్సిపాల్ గారు మాఫీ కొట్టేస్తారు. లోపలికి పంపితే ఎస్సై ఆటే కొట్టేస్తాడు. ఎటు చూసినా పోయేది నా చదువే.

అందరికంటే ముందు నిలబడింది ఒక ముసలామె. మా జట్టులో పొట్టివాడి నాయనమ్మ. ఆమె చెరగు ముడి విప్పుతూ, "ఎక్కడ పొయ్యమంతావు పిల్లా?" అని అడిగింది. చూస్తే చెరగులో ధాన్యం.

"ఇదేటి మామ్మా? ఆడోళ్లకి ఊరికేనన్నారు కదా" అన్నాను.

"ఊరికే ఆట సూడ్డానికి మాకేటి కర్మ? మా మనవడి ఆటకి ఒట్టి సేతుల్తో వస్తామా? పరిగె ధాన్నెం. నానే ఏరినాను. పుచ్చుకో."

ఆమె వెనక చూశాను. అందరి ఒడుల్లోనూ అదే. కోతలయిన మడుల్లో రాలిపోయిన వెన్నులు ఏరుకోవడాన్ని మా వైపు పరిగె ఏరడమంటారు. పొలం మగవాడిది కావచ్చు, పండిన పంట మగవాడు అమ్ముకోవచ్చు, పరిగె మాత్రం ఏరిన ఆడదానిది. దాన్ని ఏం చేశావని ఏ మొగుడూ అడగడు. మురీలవాళ్లకు పోసి మురీలు, అంటే మరమరాలు, కొనుక్కున్నా, గాజులవాడికి పోసి గాజులు వేయించుకున్నా ఆమె ఇష్టం. పావలా ఆళ్ల సేతిలో ఎక్కడున్నాదని కార్యదర్శి అడిగినప్పుడు ఈ ముక్క నాకెందుకు తట్టలేదో, మట్టిబుర్ర.

గేటు పక్కనే మురీలమ్మే ఆమె గంప పెట్టుకుని కూర్చుంది. ఆమె దగ్గర సోల కొలత ఉంది. "అత్తా, నీ సోల ఓపాలి ఇయ్యవా" అని లాక్కున్నంత పని చేశాను. గట్టిగా చెప్పాను అందరికీ వినబడేలా, "ఆడవాళ్ల టికెట్టు సోలెడు ధాన్యం. చంటిపిల్లలకి లేదు."

అందరూ వరస కట్టారు. కార్యదర్శి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నేను అతన్ని గోతాలు తెమ్మని తరిమాను.

మరి టికెట్టు? ఎస్సై వచ్చి అడిగితే ఏం చూపిస్తారు? కాగితాలు చింపి రాసిద్దామంటే అంత జనానికి ఎప్పటికి రాయను? అటు ఈల వేస్తున్నారు ఆట మొదలవుతోందని. బల్ల మీద సిరాబుడ్డి కనబడింది. అంతకు ముందు ఏడే ఓట్లు జరిగాయి. వేలికి చుక్క పెట్టించుకోవడం అందరికీ తెలిసిన పనే. పుల్ల ఒకటి సిరాలో ముంచి ముసలామె ఎడమచేతి చూపుడువేలి గోరు మీద చుక్క పెట్టాను.

"ఏటి, మళ్లీ ఓట్లేటి?" అంది ఆమె.

"టికెట్టు మామ్మా. ఎవరైనా అడిగితే ఈ వేలు చూపించు."

కొలవడం, గోతంలో పోయడం, చుక్క పెట్టడం. తల ఎత్తడానికి లేదు. లోపల కూత వినిపిస్తోంది, జనం అరుపులు వినిపిస్తున్నాయి, ఎవరు గెలుస్తున్నారో చూసే వీల్లేదు. ఒక చెయ్యి నా ముందుకొచ్చి ఆగింది. ఆ చేతికి నాకు తెలిసిన కాలిన మచ్చ. తలెత్తితే అమ్మ.

అమ్మ వస్తుందని నాకు చెప్పలేదు. నాన్న మగవాళ్ల నేల మీద ఎక్కడో ఉన్నాడని తెలుసు. ఈమె పక్కింటివాళ్ల బండిలో వచ్చినట్టుంది. ముడి విప్పి ధాన్యం చూపించింది.

"నువ్వెల్లమ్మా" అన్నాను మెల్లిగా.

"ఏం? నా కూతురి గేటని నాను దొంగతనంగా ఎల్తానా? కొలు."

కొలిచాను. సోల తలకొట్టబోతే నా చెయ్యి ఆపి, పైన ఇంకో పిడికెడు పోసింది. చుక్క పెట్టించుకుని, వేలు ఊదుకుంటూ లోపలికి పోయింది. నా మొహం కేసి చూడనైనా చూడలేదు. మూడు వారాల కిందట నా చదువు చాలన్న మనిషి. నాకు ఏడుపొచ్చింది, ఏడవడానికి తీరిక లేదు.

ఆట సగమయ్యాక విరామం ఇచ్చారు. మావాళ్లు వెనకబడి ఉన్నారని వినిపించింది. అప్పుడు లేచాడు ఎస్సై. లాఠీ తిప్పుకుంటూ మైదానం మధ్యలోంచి నేరుగా ఆడవాళ్ల వైపు వస్తున్నాడు. వచ్చేదారిలో రిఫరీకి చెయ్యి చూపించాడు, మొదలుపెట్టొద్దని. అన్నయ్య సున్నం గీత మీద నిలబడి నా వైపే చూస్తున్నాడు. చెమటతో, దుమ్ముతో, బొమ్మలా ఉన్నాడు. కార్యదర్శి ఎటు మాయమయ్యాడో కనబడలేదు.

నేను గేటు వదిలి లోపలికి వెళ్లి ఆడవాళ్ల ముందు నిలబడ్డాను.

"వీళ్ల టికెట్లేవి?" అన్నాడు ఎస్సై.

"ఉన్నాయండీ. సూపించండమ్మా" అన్నాను.

ఒక్కసారిగా వేళ్లన్నీ లేచాయి. ముసలివి, పసుపు పూసినవి, పగిలినవి. గోటి మీద నీలం చుక్క. మగవాళ్ల వైపు నుంచి నవ్వు లేచింది. ఆయనకు ఆ నవ్వు గిట్టలేదు.

"ఇదేం తమాషా? టికెట్టంటే అచ్చు వేసిన కాగితం. ఈ చుక్కలేంటి?"

"సోలెడు ధాన్యం పుచ్చుకుని పెట్టానండీ. ధాన్యం గేటు దగ్గర గోతాల్లో ఉంది, చూసుకోండి. టికెట్టు కొన్నవాళ్లే ఉండాలన్నారు. వీళ్లంతా కొన్నవాళ్లే."

"ధాన్యం వసూలు చెయ్యమని నీకెవరు చెప్పారు? ఎవరమ్మాయివి నువ్వు?"

నాకు భయం తగ్గి కోపం పైకొచ్చింది. నా బతుకంతా ఇంతే, సమయం సందర్భం చూసుకోదు నా కోపం. "మొన్న ఓట్లలో ఈ చుక్కే కదండీ సర్కారు పెట్టింది? అంత పెద్ద పనికి సరిపోయిన చుక్క చెడుగుడుకి సరిపోదాండీ?" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. ఎస్సై లాఠీ చంకలో పెట్టుకుని ఒక అడుగు ముందుకేశాడు. "నోరు అదుపులో పెట్టుకో. ఆట రద్దు. అందరూ బయటికి నడవండి." అయిపోయింది, నా నోటితో నేనే పాడుచేసుకున్నాననుకున్నాను.

ఆడవాళ్లలో ఒక్కరూ కదల్లేదు. ముసలామె మాత్రం మోకాళ్లు పట్టుకుని లేచి ఆయన దగ్గరకు వచ్చింది. కోపంగా కాదు, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టే అడిగింది.

"బాబూ, నాను సోలెడు ధాన్నెం ఇచ్చి వచ్చినాను. ఆ పిల్ల తల్లి కూడా ఇచ్చే వచ్చినాది. నువ్వా మెత్త కుర్సీలో కూకున్నావు గదా. దానికేటిచ్చినావు?"

ఆయనకు మా మాట సగమే అర్థమవుతుందన్నాను కదా. ఈ మాట మాత్రం పూర్తిగా అర్థమైంది. మెడ దగ్గర్నుంచి ఎర్రబడ్డాడు. కుర్చీల్లో పెద్దమనుషులు ఒకరి మొహాలొకరు చూసుకోవడం మానేసి ఆకాశం చూస్తున్నారు. ప్రిన్సిపాల్ గారు కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. ఎస్సై ఆ ముసలామె చెంప మీద కొడతాడేమోనని నేను ఆమె రెక్క పట్టుకున్నాను.

ఆయన జేబులో చెయ్యి పెట్టాడు.

"కుర్చీ ఎంత?" అన్నాడు నన్ను.

"రూపాయండీ."

రూపాయి నోటు నా చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి, రిఫరీకి చెయ్యి ఊపాడు కానివ్వమని. మళ్లీ ఆ కుర్చీలోనే పోయి కూర్చున్నాడు. మిగతా ఆట అయ్యేదాకా ఇటు చూడలేదు. ఆయన మంచివాడో చెడ్డవాడో నాకిప్పటికీ తెలియదు. ఆ రోజు ఆ పని మాత్రం చేశాడు.

ఆ తర్వాత కుర్చీల మధ్య కార్యదర్శి ఎక్కడ్నుంచో ప్రత్యక్షమయ్యాడు, చేతిలో అమ్ముడుపోని రూపాయి టికెట్లు పట్టుకుని. ఎస్సై ఇచ్చాక ఇంకెవరు ఇవ్వమంటారు? ప్రిన్సిపాల్ గారు కూడా ఇచ్చారు. ఒకరిద్దరు షావుకార్లు పనుందని లేచి వెళ్లిపోయారనుకోండి, వాళ్ల సంగతి వదిలెయ్యండి.

ఆట ఓడిపోయాం. చివరి కూతకు అన్నయ్యే వెళ్లాడు. ఒకణ్ణి తాకి తిరుగుతుంటే ఆ రోకళ్లలో ఒకడు మడమ పట్టుకున్నాడు. గీతకు జానెడు దూరంలో అన్నయ్య చెయ్యి ఆగిపోయింది, కూతా ఆగిపోయింది. ఆడవాళ్లంతా అయ్యో అన్నారు. అన్నయ్య బోర్లా పడుకుని చాలాసేపు లేవలేదు. నేను ఏడ్చాను. ఓడిపోయినందుకో, ఆట పూర్తిగా జరిగినందుకో చెప్పలేను.

కార్యదర్శి ధాన్యం గోతాలు బండికెత్తించి పేటలో తెలిసిన కొట్టుకు తోలుకుపోయాడు. రకరకాల వడ్లు కలిసిపోయాయని, అటుకులకు తప్ప పనికిరావని కొట్టువాడు గునిశాడట. మావాడూ దుకాణం ఇంట్లో పుట్టినవాడే కదా, అంతకంటే ఎక్కువ గునిసి మంచి ధరే రాబట్టుకొచ్చాడు. లారీ బాడుగ, తడికలు, మైకు అన్నీ తీరిపోయాయి. కాలేజీ మీద పైసా పడలేదు. వచ్చి నా ముందు నిలబడి, "సెల్లీ, ధరల సంగతి నాకేటి తెలీదులే" అన్నాడు. నేను బెట్టుగా సిరాబుడ్డి అతని చేతిలో పెట్టాను.

ప్రిన్సిపాల్ గారు మాట తప్పలేదు. క్లబ్బుని ఒప్పుకున్నాననీ, అన్నయ్యకు మాఫీ ఖాయమనీ అక్కడే, మా నాన్న ఉండగానే చెప్పారు. చెప్పి ఊరుకుంటే బాగుండేది. నాన్న వైపు తిరిగి, "మీ అమ్మాయి పోలీసాఫీసరుకి అందరి ముందూ ఎదురు మాట్లాడిందండీ. మర్యాదస్తుల పిల్లకి అలాంటి చోట్లు తగవు. మీరు కొంచెం అదుపులో పెట్టుకోవాలి" అన్నారు. నాన్న చేతులు కట్టుకుని తల వంచుకుని విన్నాడు.

నాన్న తెచ్చిన మా బండిలో ఇంటికి బయల్దేరాం. అన్నయ్య జట్టుతో ఉండిపోయాడు. నాన్న ముందు కూర్చుని ఎద్దుల్ని తోలుతున్నాడు. అమ్మ, నేను వెనక. ఇంకా వెలుగుంది. ఊరు దాటాం. చదువు నిలబడిందని నాకు లోపల గంతులేస్తున్నట్టుంది. ఆ సంగతి ఎవరైనా పైకి అంటారని చూస్తున్నాను.

"రేపట్నుండి ఈ గుంట కాలేజీకి ఎల్లనక్కర్లేదు" అన్నాడు నాన్న, వెనక్కి తిరక్కుండానే.

నాకు అర్థం కాలేదు. "మాఫీ వచ్చింది కదా నానా."

"మాఫీ వచ్చినాది. పరువెల్లిపోయినాది. పోలీసోడితో మాటకి మాట సెప్తాదా ఆడపిల్ల? అంత పెద్దాయన నా మొహం మీద సెప్పినాడు."

పొద్దుట్నుంచీ అందరికీ సమాధానం చెప్పిన నోరు అప్పుడు పెగల్లేదు. గేటు దగ్గర కూర్చోకపోతే ఆట జరిగేది కాదు, కూర్చున్నందుకు నాకు చదువు లేదు. బండి తొట్టి పట్టుకుని వెక్కిళ్లు పెట్టి ఏడుస్తున్నాను. అమ్మ కేసి చూడలేదు. ఆమె ఏమంటుందో నాకు తెలుసనుకున్నాను. సదువు సాలని మొదట అన్న మనిషే కదా.

అమ్మ చెరగు సర్దుకుంది. తర్వాత అడిగింది.

"మరి వచ్చే ఏడు ఆడోళ్ల గేటు కాడ ఎవులు కూకుంటారు?"

"ఎవులో ఒకలు కూకుంటారు. నీకేల?"

"ఎవులో ఒకలికి నాను ధాన్నెం కొలవను. కాలేజీ పిల్ల కూకున్నాదని కొలిసినాను. నానే కాదు, ఈ బళ్లన్నీ అందుకే కదిలినాయి. ఆడకూతురు గేటు కాడ ఉన్నాదని సెప్పి నానే అందర్నీ లేవదీసినాను. ఇది కాలేజీ మానేస్తే మాలో ఒక్కర్తీ ఆ గుమ్మం తొక్కదు. నీ కొడుకు ఆట మీ మగోళ్ల పావలాలెట్టి ఆడించుకో."

నాన్న ఎద్దుల్ని అదిలించాడు. అవి బాగానే నడుస్తున్నాయి, అదిలించక్కర్లేదు. మా ఊరి మలుపు దగ్గర పడ్డాక, రేపు కాలేజీ ఎన్నింటికని నన్ను అడిగాడు.